వదిన మూయించిన దిబ్బ

మా వదినను కాలనీలో అందరూ వదిన అనే పిలిచేవారు. ఆ పిలుపు మొదలుపెట్టింది నేనే. అన్నయ్య ఆమెను పెళ్లి చేసుకుని తీసుకొచ్చినప్పుడు నేనింకా ప్రింటింగ్ ప్రెస్సులో పని నేర్చుకుంటున్నాను. పొద్దున్నే వీధి మొదట్లో నిలబడి "వదినా, నా చొక్కా అయ్యిందా?" అని కేకేసేవాణ్ణి. పక్కనున్న టీకొట్టాయన అది విని తనూ వదినా అన్నాడు. తర్వాత పాలవాడు, స్కూలు మాస్టారు, చివరికి ఆమెకు తండ్రి వయసున్న ముసలాళ్ళు కూడా. "ఇంతమంది మరుదుల్ని పెట్టుకుని నేనేం చేసుకోను?" అని నవ్వేది.

ఆమెది ఇస్త్రీ పని. రేకుల కింద ఒక బల్ల, దాని మీద నాలుగు మడతలు వేసిన దుప్పటి, బొగ్గులు పోసిన ఇనప పెట్టె. మా కాలనీ అంటే ఎదురెదురుగా రెండు వరుసల ఒంటిగది ఇళ్ళు. వరుసలు ముగిసేచోట ఒక గోడ. గోడ అవతల చెత్తదిబ్బ. నగరంలోని చెత్తంతా లారీల్లో వచ్చి అక్కడ పడేది. ఎండాకాలం మంటగా, వానాకాలం పొగగా ఏడాది పొడుగునా కాలుతూనే ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని "ఇదేం వాసన?" అంటే, "ఏ వాసన?" అని అడిగేవాళ్ళం. అంతగా అలవాటుపడిపోయాం.

ఆ లారీల్లో ఒకటి నడిపేది మా అన్నయ్యే. నోట్లో నాలుక లేని మనిషి. పని నుంచి వస్తూనే వాకిట్లోనే రెండు బకెట్లు ఒంటిమీద గుమ్మరించుకుని గాని లోపల అడుగు పెట్టేవాడు కాదు. "చెత్తబండి మొగుడు" అని ఎవరైనా వేళాకోళమాడితే వదిన ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే వాళ్ళవైపు చూసేది. రెండోసారి ఎవరూ అనలేదు.

ఆమె గొడవల్లోకి దిగింది ఒక తెల్లచొక్కా వల్ల. కోర్టులో గుమాస్తా ఒకాయన తెల్లచొక్కాలు తప్ప వేసుకునేవాడు కాదు. ఒకరోజు ఇస్త్రీ చేసి మడతపెట్టిన చొక్కా మీద నల్లటి నుసి రాలింది. వదిన చేత్తో దులపబోతే అది సాగి చార కట్టింది. ఆయన వచ్చి చూసి, చొక్కా బల్ల మీదకు విసిరేశాడు.

"ఉతికిన చొక్కా ఇచ్చి మురికి చొక్కా పట్టుకెళ్ళాలామ్మా నేను?"

 వదిన అదే చొక్కా సంచిలో పెట్టుకుని, బొగ్గుల మీద నీళ్ళు చల్లి, తిన్నగా మునిసిపల్ ఆఫీసుకు నడిచింది. పారిశుధ్యం చూసే అధికారి బల్ల మీద ఆ చొక్కా పరిచింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు.

"గాలి ఎటు వీస్తే నుసి అటు పోతుందమ్మా. గాలికి నేనేం చెప్పను?"

"గాలికి చెప్పక్కర్లేదు సార్. మంటకు చెప్పండి చాలు."

ఆయన నవ్వాడు. "చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం అన్న మాట నిజమనుకుని వదిన చాలా రోజులు ఎదురుచూసింది. తర్వాత జీవితంలో ఆ మాట ఎవరన్నా సరే, "చూశారులే" అని నవ్వేది.

ఇస్త్రీబల్ల దగ్గర ఎప్పుడూ నలుగురు ఆడవాళ్ళు బట్టల కోసం నిలబడి ఉంటారు కదా. మాటలన్నీ అక్కడే. టీకొట్టాయన కూతురికి ఊపిరి అందక పిల్లికూతలు రావడం, గోడవైపు ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఎప్పుడూ దగ్గుతూనే ఉండడం, ఆరేసిన పసిగుడ్డలు సాయంత్రానికి బూడిదరంగులోకి మారడం. వదిన ఇస్త్రీ చేస్తూ వింటూ, పెట్టె పక్కన నిలబెట్టి, "సోమవారం ఆఫీసుకు నాతో వస్తావా?" అని అడిగేది. అంతే. మొదట ఇద్దరు వెళ్ళారు, తర్వాత ఇరవై మంది, ఆ తర్వాత కాలనీ కాలనీ అంతా. నేను ప్రెస్సులో మిగిలిపోయిన కాగితాల మీద కరపత్రాలు వేసిచ్చేవాణ్ణి. మా యజమాని చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆయన చొక్కాలూ తెల్లవే.

ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగినా పని కాకపోవడంతో, ఒకరోజు పొద్దున్నే ఆడవాళ్ళంతా దిబ్బ గేటుకు అడ్డంగా కూర్చున్నారు. మధ్యలో వదిన. ఆ రోజు మొదట వచ్చిన లారీ ఎవరిదనుకున్నారు? అన్నయ్యదే. బ్రేకు వేసి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"లేవే."

"లేవను."

"వెనకాల బండ్లన్నీ ఆగిపోయాయే."

"ఆగనీ."

"నా ఉద్యోగం పోతుందే బాబూ!"

"ఇంటికొచ్చాక మాట్లాడుకుందాంలే. ఇక్కడ నువ్వు లారీ డ్రైవరువి, నేను కాలనీ మనిషిని."

జనం గొల్లున నవ్వారు. అన్నయ్య బుర్ర గోక్కుని, ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, దిగొచ్చి టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. సూపర్‌వైజరు పరుగెత్తుకుంటూ వచ్చి ఒంటికాలి మీద లేచాడు. "బండి ఎందుకు ఆపావు?"

"ఎక్కించమంటారా సార్? మా ఆవిడండీ," అన్నాడు అన్నయ్య టీ ఊదుకుంటూ.

దాంతో కొన్ని నెలలు సస్పెండ్ చేశారు. ఆ నెలలన్నీ అన్నయ్య బొగ్గులు రాజేస్తూ, బట్టల మూటలు ఇళ్ళకు మోస్తూ వదిన పక్కనే ఉన్నాడు. ఇల్లు గడవడం కష్టమైంది. అయినా తన బతుకులో హాయిగా ఉన్నది అప్పుడేనని అన్నయ్య ఇప్పటికీ అంటాడు.

వాళ్ళకు పిల్లలు లేరు. వదినకు ఒక చెల్లెలుంది. అందరం చిట్టి అనేవాళ్ళం. తల్లి చిన్నప్పుడే పోతే వదినే పెంచింది; పెళ్లయ్యాక తనతోపాటే మా ఇంటికి తీసుకొచ్చింది. చిట్టికి పెళ్లీడు వచ్చేసరికి రెండు సంబంధాలు కుదిరేలా కనిపించాయి. ఒకతను ఇదే కాలనీలో మెకానిక్కు. ఇంకొకతను నగరానికి ఆ చివర, పల్లపు నేలల్లో ఆకుకూరలు పండించేవాడు. వదిన వెళ్ళి ఆ తోట చూసొచ్చింది. బావిలో నీళ్ళు, మడుల్లో పచ్చదనం. "అక్కడి గాలి పీలుస్తుంటేనే కడుపు నిండిపోతుందిరా. నా చెల్లెలు ఈ నుసి తింటూ ఎందుకు బతకాలి?" అని నాతో అంది. తోట సంబంధమే ఖాయం చేసింది. చిట్టి వారానికోసారి ఆకుకూర కట్టలు పట్టుకుని వచ్చేది. వదిన వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి గాని గంపలోంచి తీసేది కాదు.

ఇరవై ఏళ్ళకు పైగా సాగింది ఆ పోరాటం. అధికారులు మారారు, పార్టీలు మారాయి, వదిన జుట్టు నెరిసింది. పోలీసు స్టేషన్ బెంచీ మీద ఎన్నిసార్లు కూర్చుందో లెక్కలేదు. అక్కడి కానిస్టేబుళ్ళు కూడా ఆమెకు మరుదులైపోయారు. ఒకసారి గోడ ఎత్తు పెంచారు. ఒకసారి చెత్త మీద మట్టి పోశారు. ఆ మట్టిలోంచి కూడా పొగ వచ్చింది. సగంమంది విసిగి మానుకున్నారు. వదిన మాత్రం సోమవారం వస్తే బొగ్గుల మీద నీళ్ళు చల్లి బయలుదేరేది.

చివరికి వదిన వేసిన కేసులో కోర్టు తీర్పు వచ్చింది. దిబ్బ మూసేయాలి. కాలనీలో మైకు పెట్టారు. వదిన మెడలో ఎన్ని దండలు వేశారంటే మొహం కనపడలేదు. మాట్లాడమంటే ఏమీ మాట్లాడలేక, మైకు ముందు నిలబడి "రేపు అందరూ బట్టలు బయట ఆరేసుకోండి" అంది. చప్పట్లు కొట్టి కొట్టి మా చేతులు ఎర్రబడ్డాయి. అంత సంతోషం అంతకుముందు గాని, ఆ తర్వాత గాని నేను చూడలేదు.

సంతోషం వారం కూడా నిలవలేదు. ఒక సాయంత్రం అన్నయ్య పని నుంచి వచ్చి, వాకిట్లో నీళ్ళు పోసుకోకుండా అలాగే మెట్టు మీద కూర్చుండిపోయాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఏమయ్యా, ఒంట్లో బాలేదా?" అంది వదిన.

"రేపట్నుంచి బండి ఎక్కడికో చెప్పారు."

"ఎక్కడికి?"

"పల్లపు నేలలకి." చెప్పులు విప్పుతూ, "చిట్టి వాళ్ళ తోట వెనకే," అన్నాడు.

వదిన చేతిలో చీపురుంది. దాన్ని గోడకు ఆనించి, లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మర్నాడు ఆఫీసుకు పరుగెత్తింది. పాత అధికారి ఎప్పుడో రిటైరయ్యాడు. ఉన్నాయన కుర్రాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు.

"మూయమన్నారు, మూశాం కదమ్మా. ఎక్కడ పోయాలో కోర్టూ చెప్పలేదు, మీరూ చెప్పలేదు."

"ఎక్కడా పొయ్యొద్దు సార్."

"ఎక్కడా పోయకపోతే ఏం చేయమంటారు? రోజూ ఇన్ని లారీలు. ఆవిరైపోదు కదా."

ఇన్నేళ్ళలో ఎవరి ముందూ నోరు కట్టుపడని మనిషి, ఆ కుర్రాడి ముందు మాట తోచక లేచి వచ్చేసింది.

చిట్టి దగ్గరికి వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్ళింది. మేం వెళ్ళేసరికి చిట్టి బావి దగ్గర కట్టలు కడుగుతోంది. ఆ వెనకాల, మడులకు అవతల, లారీలు వరసగా వచ్చి ఎత్తిపోస్తున్నాయి. వాసన అప్పుడే మొదలైంది. మమ్మల్ని చూసి చిట్టి లేవలేదు.

"చిట్టీ, నాకు తెలీదే."

"ఏం తెలీదక్కా?"

"ఇక్కడికి తెస్తారని."

"మరి ఎక్కడికి తెస్తారనుకున్నావు?" చిట్టి గొంతు పెంచలేదు. "నీ వాకిలి ఊడ్చి నా గుమ్మంలో పోశావు. బావే తెచ్చి పోస్తున్నాడు. పొద్దున చూశాను, నన్ను చూసి తల తిప్పుకున్నాడు."

"దీన్నీ మూయిద్దామే. నేనున్నాను కదా."

"ఎన్నేళ్ళకి?" అంది చిట్టి.

 చిట్టి తడి కట్టలు గంపలో సర్దుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వదిన కిటికీ వైపు మొహం తిప్పుకునే కూర్చుంది.

ఆ వారమే ఇస్త్రీబల్ల దగ్గర అందర్నీ పోగుచేసింది. పల్లపు నేలలవాళ్ళ కోసం మనం వెళ్ళి కూర్చోవాలి అంది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. టీకొట్టాయనే మెల్లగా అన్నాడు.

"మన బాధ తీరింది కదా వదినా. మళ్ళీ కదిపితే తిరిగి మన గోడ అవతలికే తెస్తే?"

ఆ మాటతో అందరికీ ఏదో పని గుర్తొచ్చింది. ఒక్కొక్కరే జారుకున్నారు. నిజం చెప్పాలంటే వాళ్ళదీ భయమే. పొగ ఆగిందో లేదో, ఇళ్ళ యజమానులు అద్దెలు పెంచేశారు. వదినతో పాటు గేటు దగ్గర కూర్చున్న ఆడవాళ్ళలో చాలామంది ఏడాది తిరగకుండానే సామాను సర్దుకుని చవకైన చోట్లు వెతుక్కుంటూ పోయారు. మంచి గాలి పీల్చింది వాళ్ళ తర్వాత దిగినవాళ్ళు.

ఒంటరిగానే పల్లపు నేలలకు వెళ్ళడం మొదలుపెట్టింది వదిన. అక్కడివాళ్ళు దగ్గరకు రానివ్వలేదు. చిట్టి భర్తే అందరి ముందూ దణ్ణం పెట్టి, "మీరు చేసిన మేలు చాలు వదినా, ఇంటికెళ్ళండి" అన్నాడు. అయినా వెళ్ళేది. లారీలు వెళ్ళే దారి పక్కన ఒక రాయి మీద కూర్చునేది. డ్రైవర్లందరికీ ఆమె ఎవరో తెలుసు. ఒకప్పుడు ఆమెను చూస్తే బ్రేకులు వేసినవాళ్ళు, ఇప్పుడు హారన్ కొట్టి పలకరించి పోయేవాళ్ళు. సాయంత్రం ఆఖరి ట్రిప్పు ఖాళీ చేశాక అన్నయ్య బండి ఆపి తలుపు తీసేవాడు. చెత్త లారీలో మొగుడి పక్కన కూర్చుని ఇంటికొచ్చేది. దారిలో ఏం మాట్లాడుకునేవాళ్ళో తెలీదు. నేను చూసినప్పుడల్లా ఇద్దరూ రోడ్డు వైపే చూస్తూ కూర్చునేవాళ్ళు. ఇంకో దారిలో డ్యూటీ వేయమని అన్నయ్య అడిగాడు. దారులన్నీ అక్కడికే అన్నారు.

తర్వాత ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. చెత్త ఎక్కడ పోయాలన్న ప్రశ్నకు జవాబు దొరకనప్పుడు, అసలు చెత్తే తగ్గించాలి కదా. ఇంటింటికీ తిరిగి, తొక్కలూ ఆకులూ ఒక బకెట్లో, మిగతావి ఇంకో బకెట్లో వేయమని బతిమాలింది. ముసలితనంలో వదినకు చాదస్తం పట్టిందని నవ్వుకున్నారు. కొందరు మొహమాటానికి కొన్నాళ్ళు వేరు చేశారు. వదిన పొద్దున్నే లేచి రెండు బకెట్ల బరువూ తనే మోసుకుంటూ వీధి చివరి తొట్ల దాకా తీసుకెళ్ళేది. అప్పటికే ఆయాసం మొదలైంది. నాలుగు ఇళ్ళు కాగానే గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది.

ఒకరోజు అన్నయ్య ఇక ఆగలేకపోయాడు.

"ఎందుకే ఈ మోత? రెండు తొట్లూ ఎత్తేది నా బండిలోకే. లోపల అన్నీ కలిసిపోతాయి."

"నువ్వు వేరుగా తీసుకెళ్ళలేవా?"

"ఒక్కటే బండి కదే."

"మొదట్నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు. చెప్తే మంచం పడతావని చెప్పలేదు."

వదిన అతణ్ణి తిట్టలేదు. బకెట్లు కడిగి వాకిట్లో బోర్లించింది. ఆ తర్వాత ఎవరింటికీ వెళ్ళలేదు.

పల్లపు నేలల్లో బావినీళ్ళకు రంగు వచ్చింది. ఆ ఆకుకూరలు ఎక్కడివో తెలిసి బజారులో కొనడం మానేశారు. చిట్టి భర్త మొదట మడులు తగ్గించాడు, తర్వాత వదిలేశాడు. ఒకసారి వదిన వెళ్ళేసరికి ఇంటికి తాళం ఉంది. వేరే ఊళ్ళో ఏదో గోడౌనులో మూటలెత్తే పనికి కుదిరాడని పక్కింటివాళ్ళు చెప్పారు. చిట్టి అక్కకు చెప్పకుండానే వెళ్ళిపోయింది. నంబరు సంపాదించి వదిన ఫోను చేసేది. అవతల మోగి మోగి ఆగిపోయేది. ఏదో పనిలో ఉండి ఉంటుందిలే అన్నట్టు ఫోను పక్కన పెట్టి, కాసేపటికి మళ్ళీ చేసేది.

ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పాడు. బొగ్గుల పొగ వల్లో, గోడ అవతలి పొగ వల్లో ఆయన తేల్చలేదు, మేమూ అడగలేదు. చివరి రోజుల్లో కూర్చునే నిద్రపోయేది. నేను పక్కన ఉన్నప్పుడు ఒకసారి, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ, "మూయించకుండా ఉండాల్సిందారా?" అని అడిగింది. లేదు వదినా, టీకొట్టాయన కూతురు ఇప్పుడు హాయిగా ఉంది కదా అన్నాను. "దాన్ని చూసి ఎంతకాలమైందో. వాళ్ళూ వెళ్ళిపోయారుగా," అంది. 

పోయిన నెల ఒక మధ్యాహ్నం ప్రాణం పోయింది. కబురు పంపితే చిట్టి వచ్చింది, కానీ బస్సు దిగేసరికి అంతా అయిపోయింది. వదిన మంచం ఉన్న చోట కింద కూర్చుంది. మనిషి సగమైపోయింది.

"నన్ను అడిగిందా బావా?"

"రోజూ," అన్నాడు అన్నయ్య.

"ఫోన్ ఎత్తితే తిడతానని భయమేసేది. తిడితే అక్క ఏడుస్తుందని ఎత్తేదాన్ని కాదు." కాసేపు నేల మీద వేలితో గీతలు గీసింది. "ఇక్కడికొస్తే కోపం పోతుందేమోనని వచ్చాను బావా. పోలేదు."

అన్నయ్య ఆమె తలమీద చెయ్యి వేశాడు. చిట్టి ఆ చేతిని తీసెయ్యలేదు. అలాగని అతని వైపు చూడనూ లేదు. ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది.

సంతాపసభ పెట్టారు. గోడ కూలగొట్టేసి, పాత దిబ్బ మీద గడ్డి పెంచి పార్కు చేశారు ఇప్పుడు. ఎదురుగా కొత్త అపార్టుమెంట్లు. సభకు వచ్చినవాళ్ళలో సగంమందికి వదిన ఎవరో తెలీదు. వార్డు మెంబరు మైకు పట్టుకుని, ఈ స్వచ్ఛమైన గాలి ఆ మహాతల్లి చలవే, పార్కు గేటుకు ఆమె పేరు పెడతాం అన్నాడు. అన్నయ్య నా చెవి దగ్గరకు వంగి, "వద్దని చెప్పరా" అన్నాడు. లేచి చెప్పాను. ఎందుకని ఎవరూ అడగలేదు. తర్వాతి మాట మీదకు వెళ్ళిపోయారు.

నిన్న మా ఇంటికి కొందరు వచ్చారు. పల్లపు నేలల దగ్గర ఇంకా మిగిలి ఉన్నవాళ్ళు. ముందు నిలబడ్డావిడ అక్కడి స్కూల్లో ఆయా. ముప్పై ఏళ్ళుంటాయేమో, మాట చురుగ్గా ఉంది.

"వదినగారు ఇక్కడి దిబ్బ ఎలా మూయించారో చెప్తారా అన్నయ్యగారూ? మేమూ మొదలుపెడుతున్నాం."

అన్నయ్య వాళ్ళను కూర్చోబెట్టాడు. చొక్కా దగ్గర్నుంచి కోర్టు దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాడు. లారీ ఆపిన కథ చెప్పేటప్పుడు వాళ్ళంతా నవ్వారు. అతనూ కొంచెం నవ్వాడు. అంతా అయ్యాక అడిగాడు.

"మూస్తే మరి ఎక్కడ పోస్తారటమ్మా?"

"అది వాళ్ళు చూసుకుంటారు లెండి. మనకెందుకు?" అందామె లేస్తూ.

 అన్నయ్య వాళ్ళను వీధి మొదటి దాకా సాగనంపి వచ్చి, మెట్టు మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"చిట్టి సంగతి కూడా చెప్పాల్సింది కదా అన్నయ్యా?"

"ఏం చెప్పాలిరా? ఆ పొగలో పిల్లల్ని పెట్టుకుని ఊరుకోమని చెప్పాలా?" అన్నాడు.

చీకటి పడేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. తర్వాత అతను లోపలికెళ్ళి దీపం వేసుకున్నాడు.